ప్లాన్ వంద ఎంబీపీఎస్, కాల్ మాత్రం ముక్కలు ముక్కలు: ఇంటి నెట్‌లో వరుస ఎక్కడ పడుతోంది?

కనుమ నాడు మధ్యాహ్నం, కోనసీమలో మా మావయ్యగారిల్లు. పండక్కి వచ్చినవాళ్లతో కలిపి పదకొండు మంది. బావకి ఆ రోజు సెలవు దొరకలేదు. హైదరాబాద్ ఆఫీసు వాళ్లతో మీటింగ్ ఉందని వీధి అరుగు మీద లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. వంటింట్లో పిన్ని మస్కట్‌లో ఉన్న కూతురికి వీడియో కాల్లో అరిసెల పళ్లెం చూపిస్తోంది. మేడ మీద చిన్నోడు, అంటే మా అక్క కొడుకు, ఫోన్లో తుపాకుల ఆట ఆడుతున్నాడు. పెరటి వెనక రొయ్యల చెరువు గట్టున రెండు కెమెరాలు. వాటి బొమ్మ రాత్రనక పగలనక నెట్‌లోకి ఎక్కుతూనే ఉంటుంది.

రెండు దాటాక బావ గొంతు నూతిలోంచి వచ్చినట్టు ఉందని అవతలివాళ్లు అనడం మొదలుపెట్టారు. వాళ్ల మాటలు ఇతనికి సగం సగమే వినబడుతున్నాయి. "ఒరేయ్, ఆ ఆట ఆపరా, నెట్టంతా నువ్వే తాగేస్తున్నావు" అని మావయ్య మేడ మీదికి కేకేశాడు. వాడు ఆపేశాడు. ఏమీ మారలేదు. కేబులబ్బాయికి ఫోన్ చేస్తే, "ఆయ్, మీది వంద ఎంబీపీఎస్ ప్లానేనండి, లైను బాగానే వస్తోందండి" అన్నాడు. స్పీడ్ టెస్ట్ పెట్టి చూస్తే డౌన్‌లోడ్ 92 చూపించింది. అతను చెప్పింది నిజమే. బావ అవస్థా నిజమే.

ఈ రెండూ ఒకే లైను మీద, ఒకే సమయంలో ఎలా నిజమవుతాయి? ఇంట్లో నలుగురు ఒక కనెక్షన్ వాడుకునే చోటల్లా వచ్చే తగువు ఇది. వేగం చాలకపోవడం, ఆలస్యం కావడం ఒకటేననుకోవడం దగ్గరే చిక్కుముడి పడుతోంది.

ప్లాన్ మీద అంకె వెడల్పు చెబుతుంది, ఎంతసేపో చెప్పదు

ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లు అని. ఫైళ్లను మనం మెగాబైట్లలో కొలుస్తాం. బైటుకు 8 బిట్లు కాబట్టి 100 ఎంబీపీఎస్ లైను మీద, అన్నీ కలిసొస్తే, సెకనుకు దిగేది పన్నెండున్నర మెగాబైట్లు. "వందకి డబ్బులు కడితే పన్నెండే వస్తోందేంటి" అని కేబులాయనతో పోట్లాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ పోట్లాటలో తప్పు ఇద్దరిదీ కాదు, మధ్యలో ఉన్న ఆ 8ది.

ఇలా సెకనుకు ఎంత పడుతుందన్నదే బ్యాండ్‌విడ్త్. ఒక కబురు బయల్దేరి చేరడానికి పట్టే సమయం లేటెన్సీ. సఖినేటిపల్లి రేవులో పంటు (బళ్లని కూడా దాటించే పెద్ద పడవ) ఎక్కి నరసాపురం వెళ్లినవాళ్లకి ఈ తేడా విడమరిచి చెప్పక్కర్లేదు. పంటు మీద ఒక్కసారికి ఎన్ని బళ్లు పడతాయన్నది బ్యాండ్‌విడ్త్. వశిష్ఠ గోదావరి దాటడానికి పట్టేది లేటెన్సీ. రెట్టింపు బళ్లు పట్టే పంటు తెచ్చినా ఆ ఒడ్డు దగ్గరికి జరగదు. ఇవి రెండూ కాక మూడోది ఉంది, అందరినీ విసిగించేది అదే: రేవులో మన వంతు వచ్చేదాకా నిలబడే సమయం. ఈ పంటును ఇంకాసేపు దగ్గర పెట్టుకుందాం, పనికొస్తుంది.

నెట్‌లో ఈ ఆలస్యాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. ఒక చిన్న ప్యాకెట్, అంటే డేటా ముక్క, పంపి, అవతలి నుంచి జవాబు తిరిగొచ్చేదాకా పట్టిన సమయమే పింగ్. దీనికి ప్రకృతి పెట్టిన హద్దు ఒకటుంది. ఫైబరు గాజులో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే మిల్లీసెకనుకు 200. అమలాపురం నుంచి హైదరాబాద్ దాదాపు 400 కిలోమీటర్లు అనుకుంటే పోయిరావడానికి కనీసం 4 మిల్లీసెకన్లు. ముంబైలో ఉన్న సర్వర్‌కైతే పది పన్నెండు. సింగపూర్‌లో ఉన్న ఆట సర్వర్‌కి, సముద్రం అడుగు కేబుల్ మీదుగా, 30కి తగ్గదు. అసలు లెక్కలో మధ్యలోని మజిలీలు, చుట్టుదారులు కలిసి ఇవన్నీ రెండింతలు మూడింతలు అవుతాయి. ఎంత ఖరీదైన ప్లాన్ కొన్నా ఈ కనీసం కన్నా కిందికి దిగదు.

పింగ్ ఒక్కోసారి ఒక్కోలా ఊగుతూ ఉంటే ఆ ఊగిసలాటను జిట్టర్ అంటారు. కాల్‌కి నిలకడగా ఉండే 80 కన్నా 20 నుంచి 200 మధ్య ఎగిరే పింగ్ ఎక్కువ చేటు.

మరి ఎవరికి ఎంత కావాలి? నెట్‌ఫ్లిక్స్ తన 4కే వీడియోకి అడిగేది 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. ఇద్దరు మాట్లాడుకునే జూమ్ కాల్‌కి 720పీ బొమ్మ అయితే 1.2 చాలు. చాలా ఆన్‌లైన్ ఆటలకు అర ఎంబీపీఎస్ కూడా అక్కర్లేదు. మావయ్య మేడ మీదికి వేసిన కేక అందుకే వృథా పోయింది. చిన్నోడి ఆట నెట్‌ను తాగెయ్యదు, ఆలస్యాన్ని ఓర్చుకోదు, అంతే. సినిమా దానికి పూర్తిగా ఎదురు. అది కొన్ని సెకన్ల బొమ్మ ముందే తెచ్చి దాచుకుంటుంది కాబట్టి మధ్యలో ఒక సెకను ఆలస్యమైనా చూసేవాడికి తెలియదు. కాల్‌లో మాటను ముందే తెచ్చి దాచుకోవడం కుదరదు కదా, ఇంకా అననే లేదు! మాట వెళ్లడానికి ఒకవైపు 150 మిల్లీసెకన్ల లోపైతే చాలా అవసరాలకు ఇబ్బంది ఉండదని, 400 దాటనివ్వకూడదని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వాళ్ల జీ.114 సిఫార్సు చెబుతుంది.

మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగాన్ని 2023 జనవరిలో 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కి పెంచారు. ఆ నిర్వచనం కూడా డౌన్‌లోడ్ వెడల్పునే చూస్తుంది. ప్రకటన బోర్డు మీదా అదే, బిల్లు మీదా అదే. వరుసలో ఎంతసేపు నిలబడాలో చెప్పే అంకె బిల్లు మీద ఎక్కడా కనబడదు.

చోటున్నకొద్దీ వరుస పెరుగుతుంది: బఫర్ గొడవ

మనం పంపేదంతా ప్యాకెట్లుగా ముక్కలై పోతుంది. మామూలుగా ఒక్కో ప్యాకెట్ 1500 బైట్ల వరకు ఉంటుంది. రూటర్‌లోకి వచ్చినంత వేగంగా బయటికి పోలేని చోట ఇవి కాసేపు ఆగడానికి కొంత మెమరీ ఉంటుంది. అదే బఫర్. రేవు పక్కన బళ్లు ఆపుకునే ఖాళీ జాగా లాంటిది. అది అసలు లేకపోతే పంటు కదిలే క్షణంలో వచ్చిన బండి వెనక్కి తిరిగి ఇంటికే పోవాలి. కాబట్టి కొంత ఉండాల్సిందే. ఎంత అన్నదే పేచీ.

మావయ్యగారింటి లైనుతో లెక్క కడదాం. అప్‌లోడ్ స్పీడ్ టెస్ట్‌లో 10 ఎంబీపీఎస్ వచ్చింది. మోడెంలో బఫర్ 1 మెగాబైట్ అనుకుందాం, అంటే 8 మెగాబిట్లు. అది నిండిపోయిందనుకోండి. 8ని 10తో భాగిస్తే 0.8 సెకన్లు. ఆ వరుస చివర చేరిన బావ మాట ఒక్కో ముక్కా 800 మిల్లీసెకన్లు నిలబడి గానీ గడప దాటదు. ఐటీయూ వద్దన్న 400కి ఇది రెట్టింపు. ఇదే మోడెం అప్‌లోడ్ 2 ఎంబీపీఎస్ ఉన్న లైనుకి తగిలిస్తే 4 సెకన్లు. అంత ఆలస్యంలో "హలో" అంటే "ఆఁ" వచ్చేలోపు మనిషి ఫోన్ పెట్టేస్తాడు.

బఫర్ ఎందుకు నిండుతుంది అంటే, పంపేవాళ్లకు అలా నేర్పారు కాబట్టి. 1986 అక్టోబరులో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి, దానికి నాలుగు వందల గజాల దూరంలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కి మధ్య నెట్ వేగం 32 కేబీపీఎస్ నుంచి సెకనుకు 40 బిట్లకు పడిపోయింది. దారి కిక్కిరిసిన కొద్దీ జవాబు రాలేదని అందరూ పంపిందే మళ్లీ పంపడం వల్ల వచ్చిన పతనం అది. ఆ ల్యాబ్‌లోనే ఉన్న వాన్ జాకబ్సన్ 1988లో దానికి విరుగుడు రాశాడు. మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పో, ప్యాకెట్ పోయిందని తెలియగానే తగ్గు. ఈ రోజుకీ మన ఫోన్లోంచి ఫొటో ఎక్కుతున్నా, సినిమా దిగుతున్నా ఎక్కువగా నడిచేది ఈ సూత్రం మీదే.

ఇందులో ఒక మెలిక ఉంది. పంపేవాడు తగ్గాలంటే ముందు ఏదో ఒక ప్యాకెట్ పోవాలి. రేవులో జాగా ఉన్నంతసేపు "ఖాళీ లేదు, వెనక్కి పో" అనేవాడు లేడు. తర్వాత్తర్వాత మెమరీ చవకైంది. ఒక్క ప్యాకెట్ కూడా పోగొట్టకూడదన్న సదుద్దేశంతో తయారీదారులు బఫర్లు పెంచుకుంటూ పోయారు. ఎకరం జాగా రెండెకరాలైంది, వరుస కూడా రెండెకరాలకు పాకింది. పంటు మాత్రం అదే. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజినీరు ఇంట్లోంచి పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుంటే తన లైన్లో ఆలస్యం సెకను దాటిపోవడం గమనించి తవ్వుకుంటూ పోయాడు. ఈ జబ్బుకి బఫర్‌బ్లోట్ అన్న పేరు పెట్టింది ఆయనే. మన మాటల్లో బఫర్ వాపు. బలుపనుకునేరు, వాపే.

అందరూ డౌన్‌లోడ్ చూస్తారు, చిక్కు అప్‌లోడ్‌లో ఉంటుంది

ఆ మధ్యాహ్నం నేను చేసిందల్లా లాప్‌టాప్‌లో పింగ్ పెట్టి ఒక పక్కన వదిలేయడం. సెకనుకో అంకె వస్తూ ఉంటుంది. 780, 805, 791... ఎవరు ఏం చేస్తున్నారా అని ఒక్కొక్కరి ఫోనూ అడిగాను. పిన్ని ఫోను వైఫై నుంచి తీయగానే అంకెలు 26, 24, 24కి దిగాయి. ఆమె కాల్ వల్ల కాదది. భోగి మంట, ముగ్గులు, కోడి పందెం బరి దగ్గర జనం, మూడు రోజుల ఫొటోలు ఆరు వందల దాకా ఫోను తనంతట తాను క్లౌడ్‌లోకి ఎక్కించుకుంటోంది. పిన్నికి ఆ సంగతే తెలియదు. "నేనేం చేశానే, ఫోను పక్కనే పెట్టానుగా" అంది. పక్కన పెట్టి ఛార్జింగ్ తగిలించినప్పుడే చాలా ఫోన్లు ఈ పని మొదలుపెడతాయి.

లెక్క చూడండి. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌లో చెరువు కెమెరాలు చెరి 2 చొప్పున 4 తీసుకుంటాయి, ఎప్పుడూ. బావ కాల్‌కి ఒకటిన్నర, పిన్ని కాల్‌కి ఒకటి. మొత్తం ఆరున్నర. ఇంకా మూడున్నర మిగిలే ఉంది, అందుకే అప్పటిదాకా అందరూ హాయిగా ఉన్నారు. కాల్‌కీ కెమెరాకీ కావలసింది ఇంత అని ఉంటుంది. ఫొటోల బ్యాకప్‌కి అలా ఉండదు, ఎంత దొరికితే అంత. అది దిగగానే మూడున్నరా నిండింది, ఆపైన బఫర్ నిండింది.

అప్‌లోడ్ నిండితే ఒక్కోసారి డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది, ఇది చాలామందికి వింతగా ఉంటుంది. దిగుతున్న ప్రతి రెండు ప్యాకెట్లకు ఒకసారి మన వైపు నుంచి "అందింది" అని చిన్న రసీదు పోవాలి. 100 ఎంబీపీఎస్ నిండుగా దిగుతుంటే సెకనుకు ఎనిమిది వేల పైచిలుకు ప్యాకెట్లు, నాలుగు వేల పైచిలుకు రసీదులు. ఒక్కోటి 64 బైట్లనుకున్నా సుమారు 2 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఆ రసీదులకే కావాలి. అవి ఫొటోల వెనక నిలబడిపోతే అవతలి సర్వర్ రసీదు కోసం చూస్తూ చేతులు కట్టుకు కూర్చుంటుంది.

మండువా ఇంట్లో వైఫై: ఇది వేరే రేవు

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. పింగ్ 24కి దిగాక కూడా చిన్నోడు మేడ మీంచి "నాకింకా లాగ్ వస్తోంది" అన్నాడు. వాడి వరుస వేరే చోట పడుతోంది.

మోడెం వరకు వచ్చేది గాజు తీగ. అక్కడినుంచి ఫోనుదాకా గాలి. గాలిలో ఒక ఛానెల్ మీద ఒక క్షణంలో ఒక్కరే మాట్లాడాలి. రూటర్ మాట్లాడుతుంటే ఫోన్లు ఆగాలి, ఒక ఫోను మాట్లాడుతుంటే రూటరూ తక్కిన ఫోన్లూ ఆగాలి. పాత మండువా లోగిలికి గోడలు మూరెడు మందం, మధ్యలో పైకి తెరుచుకున్న వాకిలి. మావయ్య మోడెం టీవీ పక్కన, అద్దాల బీరువా వెనక ఉంది. మేడ మీద గదికి చేరేసరికి సిగ్నల్ చిక్కి సగమైపోతుంది. సిగ్నల్ బలహీనపడినకొద్దీ ఫోనూ రూటరూ నిదానంగా, విడివిడిగా మాట్లాడుకుంటాయి. అదే మాటకి ఎక్కువసేపు పడుతుంది. ఆ ఎక్కువసేపూ మిగతావాళ్లంతా ఆగుతారు.

రెండు ఫోన్లనే తీసుకుందాం. రూటర్ పక్కనున్నది ఒంటరిగా ఉంటే 120 ఎంబీపీఎస్ లాగగలదు. మేడ మీదిది 6 మాత్రమే. రెండింటికీ సమానంగా తలా ఒక మెగాబిట్ చొప్పున వంతులేస్తే, మొదటిదానికి సెకనులో 120వ వంతు, రెండోదానికి ఆరో వంతు, కలిపి 0.175 సెకన్లు. అంటే ఒక్కోదానికి దక్కేది 5.7 ఎంబీపీఎస్. పక్కనున్న 120 ఫోను కూడా 5.7కి దిగిపోయింది! డేటాకు బదులు సమయాన్ని సమానంగా పంచితే మేడ మీదిదానికి 3, పక్కనున్నదానికి 60 వస్తుంది. కొత్త రూటర్లలో ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్ అనే సౌకర్యం చేసేది ఇదే. ఏది న్యాయం? మేడ మీదివాడిని అడిగితే ఒకటి చెబుతాడు, కింది వాడిని అడిగితే ఇంకోటి.

2.4 గిగాహెర్ట్జ్ వైఫై గోడలు దాటి దూరం పోతుంది. కానీ అందులో ఒకదాన్నొకటి ఒరుసుకోని ఛానెళ్లు 1, 6, 11, ఈ మూడే. పక్కింటి రూటరూ వంటింటి మైక్రోవేవ్ ఓవెనూ అక్కడే. 5 గిగాహెర్ట్జ్‌లో జాగా ఎక్కువ, గోడ అడ్డొస్తే మాత్రం త్వరగా నీరసిస్తుంది. బజార్లో దొరికే చవక రిపీటర్ ఒకే రేడియోతో విని, మళ్లీ అదే ఛానెల్లో చెప్పాలి కాబట్టి ప్రతి మాటా రెండుసార్లు గాలిలోకి పోతుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనబడతాయి, వేగం సగమవుతుంది. ఈ గొడవంతా లేని మార్గం పాతదే: ల్యాన్ తీగ.

ఇల్లు దాటాక: ఒక ఫైబరు మీద ఎన్ని ఇళ్లు

2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలతో మొదలైనప్పుడు ఫైబరు కరెంటు స్తంభాల మీదుగా ఊళ్లలోకి వచ్చింది, ఇంటిదాకా లాగింది ఎక్కువగా ఊరి కేబులాయనే. ఇంటికి తీగ విడిగా వచ్చినా వెనక దారి ఉమ్మడిది. ఇళ్ల ఫైబరులో ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబరు 32 లేదా 64 ఇళ్లకు చీలుతుంది. అందరికీ కలిపి డౌన్‌లోడ్ సుమారు 2.5 గిగాబిట్లు, అప్‌లోడ్ 1.25. 64 ఇళ్లకు వంద చొప్పున అమ్మితే అమ్మినది 6.4 గిగాబిట్లు. అందరూ ఒకేసారి లాగితే ఇంటికి 39 ఎంబీపీఎస్.

మోసం కదా ఇది? ఆపరేటర్ల వైపు నుంచి చూస్తే కాదు. అందరూ ఒకే క్షణంలో నిండుగా లాగడం దాదాపు జరగదు. ఎవరిది వారికి కట్టేసి ఇస్తే నెల బిల్లు ఇప్పుడున్నట్టు ఉండదు. వాడుకరి వైపు వాదనా కొట్టెయ్యలేనిదే: రాత్రి తొమ్మిదికి అందరూ ఇంట్లో ఉండే వేళే అతనికి నెట్ కావాలి, తెల్లవారుజామున వచ్చే వంద ఎవడిక్కావాలి. నిజానికి ఇరుకు తరచుగా జీపాన్‌లో కూడా ఉండదు. కేబులాయన పైనుంచి కొనుక్కున్న మొత్తం కెపాసిటీ దగ్గర ఉంటుంది. ఒక గిగాబిట్ కొని, వంద ఎంబీపీఎస్ ప్లాన్లు రెండొందల ఇళ్లకిస్తే ఇరవైకి ఒకటి.

డెల్టాలో ఇది చెప్పగానే అందరికీ కాలువ గుర్తొస్తుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852 నాటికి పూర్తయినప్పటి నుంచి ఎగువ తూముల దగ్గరివాళ్లు తడుపుకోవడం, శివారు పొలాలవాళ్లు నీళ్లు వదిలే లస్కరు చుట్టూ తిరగడం మనకి తెలిసిన కథే. అయితే ఆ పోలిక ఫైబరుకి సగమే అతుకుతుంది. ఒక స్ప్లిటర్ (ఫైబరును ఇళ్లకు చీల్చే పరికరం) కింద ఉన్న ఇళ్లలో శివారు ఇల్లంటూ వేరే లేదు. ఇరవై కిలోమీటర్ల లోపు, సిగ్నల్ సరిగ్గా ఉంటే, చివరి ఇల్లూ మొదటి ఇల్లూ ఒకటే. ఎండితే అందరికీ కలిపే ఎండుతుంది.

వరుస ఇంట్లో పడుతోందా బయటా అన్నది మూడు పింగ్‌లతో తేలిపోతుంది. మొదటిది మన రూటర్‌కే, సాధారణంగా 192.168.1.1. అది 2, 3 ఉండాలి. 60, 100 అని ఎగురుతుంటే జబ్బు గాలిలో ఉంది. చిన్నోడి ఫోన్లో కనబడింది అదే. రూటర్‌కి బాగుండి, ఇంట్లో ఎవరో అప్‌లోడ్ చేస్తున్నప్పుడే బయటి సర్వర్‌కి పింగ్ పెరుగుతుంటే మోడెం బఫర్. ఇంట్లో అన్నీ ఆపేసినా రాత్రి ఎనిమిది నుంచి పదకొండు మధ్య పెరిగి, అర్ధరాత్రికి దానంతటదే దిగితే వరుస కేబులాయన దగ్గరో ఇంకా పైనో ఉంది. ఆ మూడోదానికి మన రూటర్‌లో తిప్పే ఏ మీటా పనిచెయ్యదు.

ప్లాన్ పెంచడమా, వరుస సర్దడమా

ఇక్కడ తెలిసినవాళ్లలోనే మూడు వర్గాలున్నాయి.

"పెద్ద ప్లాన్ తీసుకోండి, తలనొప్పి పోతుంది" అనేవాళ్లు మొదటివాళ్లు. దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. పిన్ని ఫొటోలు ఆరొందలు, ఒక్కోటి 4 మెగాబైట్లనుకుంటే 2400 మెగాబైట్లు. దారంతా వాటికే ఇచ్చినా 10 ఎంబీపీఎస్ మీద 32 నిమిషాలు. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ అయితే 3 నిమిషాల పైచిలుకు. జబ్బు ఉంటుంది గానీ అరగంట ఉండాల్సింది మూడు నిమిషాల్లో పోతుంది. అదే బఫర్ పదిరెట్లు వేగంగా ఖాళీ అవుతుంది కాబట్టి 800 కాస్తా 80 అవుతుంది. అప్‌లోడ్ కూడా డౌన్‌లోడంత ఇచ్చే ప్లాన్ దొరికిన ఊళ్లో ఇది మంచి సలహాయే. డౌన్‌లోడ్ 100 నుంచి 300 చేసి అప్‌లోడ్ పదే ఉంచే ప్లాన్ మీద డబ్బు పెడితే మాత్రం బావ గొంతు నూతిలోనే ఉంటుంది. వైఫై గోడ దగ్గర చిక్కిపోతున్న ఇంట్లోనూ అంతే.

రెండో వర్గం ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది నిర్ణయించాలంటుంది. రూటర్ మెనూలో క్యూఓఎస్ అని ఉండేది ఇదే. బావ లాప్‌టాప్‌కి మొదటి స్థానం, టీవీకి చివరి స్థానం. రేవులో అంబులెన్స్‌ని ముందు వదిలినట్టు. వినడానికి బాగుంటుంది, అప్‌లోడ్ బొత్తిగా ఇరుకైన ఇంట్లో పనిచేస్తుంది కూడా. తీరా చూస్తే బావ లాప్‌టాప్ మీటింగ్ మధ్యలో పెద్ద అప్‌డేట్ దించడం మొదలుపెడితే దానికీ మొదటి స్థానమే. ఇప్పుడు నెట్‌లో పోయేదంతా దాదాపు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, అందులో ఏది వీడియో కాలో ఏది అప్‌డేటో రూటర్ చాలాసార్లు ఊహించుకోవాలి. ఇంకో సంగతి, ఇంట్లో మనం వేసిన "ఇది ముందు" అన్న ముద్రలు మోడెం దాటాక ఎవరూ లెక్కచెయ్యరు. డబ్బా మీద గేమింగ్ మోడ్ అని రాసి అమ్మే వాటిలో కొన్ని ఇంతకు మించి చేసేదేమీ లేదు.

మూడో వర్గం వరుస పద్ధతినే మార్చమంటుంది. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతి చెప్పారు. అవును, 1988 నాటి జాకబ్సనే. రేవులో ఎన్ని బళ్లున్నాయని లెక్కపెట్టొద్దు, పంటు ఎక్కబోతున్న బండిని "ఎంతసేపైంది వచ్చి?" అని అడుగు. 5 మిల్లీసెకన్లకు మించి ఆగాల్సి రావడం 100 మిల్లీసెకన్ల పాటు వదలకుండా కొనసాగితే ఒకదాన్ని తిప్పి పంపు, అప్పుడు పంపేవాడికి సంగతి అర్థమవుతుంది. దీనికి ప్రతి ప్రవాహానికీ, అంటే ఒక్కో కాల్‌కీ ఒక్కో డౌన్‌లోడ్‌కీ, వేరే వరుస పెట్టి వంతులేసే పద్ధతి కలిపితే ఎఫ్‌క్యూ కోడెల్. అది 2018లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లోకి (ఆర్‌ఎఫ్‌సీ) ఎక్కింది. అదే ఏడాది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో చేరిన కేక్ అనే పద్ధతి ఇంకో అడుగు ముందుకేసి ప్రవాహాలతో పాటు మనుషుల మధ్యా, అంటే పరికరాల మధ్యా సమానంగా పంచగలదు. ఒకడు పదహారు కనెక్షన్లు తెరిచి సినిమా దించుతుంటే, ఒక్క కాల్ ఉన్నవాడికి పదిహేడో వంతు కాకుండా సగం దక్కుతుంది. వీటన్నిటినీ కలిపి రూటర్లలో ఎస్‌క్యూఎం అంటారు.

దీనికీ ఖర్చుంది. మోడెం బఫర్ మన చేతిలో ఉండదు కాబట్టి వరుసను అక్కడినుంచి మన రూటర్‌లోకి తెచ్చుకోవాలి. అందుకు లైను వేగం కన్నా కాస్త తక్కువకి, 85 నుంచి 95 శాతం మధ్యలో, మనమే కట్టేసుకోవాలి. పది కొనుక్కుని తొమ్మిది వాడుకోవడమన్నమాట. కొంతమందికి ఇది అస్సలు మింగుడుపడదు, డబ్బు కట్టింది మొత్తానికి కదా. ఇంకా, ప్రతి ప్యాకెట్‌నీ చూసి పంపడానికి రూటర్ ప్రాసెసర్‌కి సత్తువ ఉండాలి. 300, 500 ఎంబీపీఎస్ లైన్ల దగ్గర చవక రూటర్లు చతికిలబడతాయి. ఆపరేటర్ ఇచ్చే డబ్బాల్లో ఈ మెనూ చాలావాటిలో ఉండదు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటర్ సాఫ్ట్‌వేర్ పెట్టుకోగల రూటర్ వేరే కావాలి. లైను వేగం నిలకడగా లేకపోతే ఏ అంకెకి కట్టాలన్నదీ ప్రశ్నే. 2023 నుంచి వచ్చిన ఎయిర్‌ఫైబర్ లాంటి 5జీ కనెక్షన్లలో పొద్దున ఒక వేగం, రాత్రి ఒక వేగం. ఫైబరులోనైనా నెల కోటా, చాలా ప్లాన్లలో 3300 జీబీ, అయిపోయి వేగం పడిపోతే మనం కట్టిన తొమ్మిది అర్థం లేనిదవుతుంది. వరుస మళ్లీ మోడెంలోకి పోతుంది.

నా మటుకు నాకు, అప్‌లోడ్ ఇరవై లోపున్న ఇంట్లో మూడోవాళ్ల మాటే నెగ్గుతుంది. వందకు వంద ఇచ్చే లైనుంటే మొదటివాళ్ల మాట వినొచ్చు. రెండోవాళ్లతో నాకు తగువేం లేదు గానీ పండక్కి పదకొండు మంది దిగిన ఇంట్లో ఎవరి ఫోను ముందో రాసిపెట్టే ధైర్యం నాకు లేదు.

ఉగాదికి మళ్లీ వెళ్లినప్పుడు

నా దగ్గర పక్కన పడేసిన పాత రూటర్ ఒకటి పట్టుకెళ్లి మోడెం వెనక తగిలించాను. అందులో ఎస్‌క్యూఎం పెట్టి అప్‌లోడ్‌ని 9కి కట్టాను. బావ ఈసారి కూడా అరుగు మీదే. పింగ్ పక్కన పెట్టి పిన్ని ఫోన్లో బ్యాకప్ కావాలనే మొదలుపెట్టించాం. 24 ఉన్నది 31, 35 దగ్గర ఆడింది, అంతకు పెరగలేదు. బావ కాల్ గంటసేపు సాఫీగా సాగింది.

పిన్నికి మాత్రం కోపమొచ్చింది. "మీ బావ మాటలు బాగున్నాయి సరే, నా పచ్చడి ఫొటోలు గంటైనా ఎక్కలేదేంటిరా?" అంది. కెమెరాలూ బావ మీటింగూ తమ వంతు తీసుకున్నాక ఆమెకి మిగిలింది మూడు ఎంబీపీఎస్ చిల్లరే మరి. రాత్రి అందరూ పడుకున్నాక ఎక్కేలా ఫోన్లో పెట్టిచ్చాను. మేడ మీద గదికి ల్యాన్ తీగ లాగాలి. గోడకి సున్నం వేసేటప్పుడు చూద్దాంలే అన్నాడు మావయ్య. చిన్నోడు అప్పటిదాకా కిందికొచ్చి, బీరువా పక్కన కూర్చుని ఆడుకుంటున్నాడు.